పాత లారీకి కొత్త మీటర్లు

ఆ ఉదయం టైలరమ్మ మిషను ముందు కూర్చుని బడిపిల్లాడి చొక్కాకు జేబు వేస్తుంటే, ఇంటి పక్క ఖాళీ జాగాలోంచి ఏదో ఇనప వస్తువు కిందపడ్డ చప్పుడైంది. ఆ వెంటనే, "ఏం కాలేదమ్మా" అని కూతురి గొంతు. ఏమీ కానప్పుడు అడక్కముందే అలా ఎవరూ చెప్పరని బిడ్డను పెంచిన ఆవిడకు తెలుసు. దారం తెంపి, చొక్కా పక్కన పెట్టి బయటికి వచ్చింది.

లారీ తలుపు బార్లా తెరిచి ఉంది. అందులోంచి రెండు కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. మిగతా మనిషి స్టీరింగు కింద ఎక్కడో ఉంది. ఆ అమ్మాయిని ఇంట్లో బుల్లి అంటారు. తండ్రి కన్నా జానెడు ఎత్తు పెరిగినా పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. సీటు మీద పరిచిన పాత దుప్పటి మీద లారీ మీటర్లన్నీ వరసగా ఉన్నాయి. స్పీడుది, డీజిలుది, ఇంజను వేడిది, ఆయిలుది, బ్యాటరీది. డ్యాష్‌బోర్డులో అవి ఉండాల్సిన చోట అరచేయంత బొక్కలు తప్ప ఏమీ లేవు.

"అన్నీ ఊడదీశావా?"

"అన్నీ చచ్చినవేగా అమ్మా. శవాల్ని బయటికి తీశానంతే."

"మీ నాన్న పాలకెళ్ళారు. వచ్చే వేళయింది."

"వచ్చేలోపు ముగిద్దామనే అనుకున్నా. ఆఖరి నట్టు మొండికేసింది."

"వేయదా మరి. ఆయన చేతికింద పెరిగింది."

ఆ లారీ పెళ్ళయిన కొత్తలో ఆయన కొన్నది. అప్పటికే అది పాతది. ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి బానెట్టు, చెక్క బాడీ, ముదురాకుపచ్చ రంగు. ఊళ్ళో ఎవరు ఇల్లు మారినా వాళ్ళ మంచాలూ బీరువాలూ దానిమీదే ఎక్కేవి. కాలం గడిచేకొద్దీ మీటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన ఒక్కదాన్నీ బాగుచేయించలేదు. "మీటర్లెందుకు, నాకు చెవులున్నాయిగా" అనేవాడు. అది ఉత్త గొప్ప కాదు. వేడెక్కితే ఇంజను గొంతు మారుతుందనీ, ఆయిలు తగ్గితే గొంతు ఎండుతుందనీ చెప్పేవాడు. లారీల స్టాండులో డ్రైవర్లు తమ బండ్లు తెచ్చి ఆయన ముందు స్టార్టు చేసేవాళ్ళు. ఆయన తల వంచి కాసేపు విని, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. అలా ఆయనకు చెవి డాక్టరని పేరు పడింది. ఒకసారి నిజంగానే చెవిపోటుతో ఒక పెద్దమనిషి వాకబు చేసుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంటే, నచ్చజెప్పి పంపించేసరికి టైలరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

బుల్లి ఒక కార్ల కంపెనీ సర్వీసు సెంటర్లో వైరింగు పని చేసేది. ఆ సెంటరు ఇంకో ఊరికి తరలిపోతే, తను వెంట పోకుండా ఇంటికొచ్చేసింది. "లారీ నేను నడుపుతా నాన్నా" అంది. ఆయన మురిసిపోయాడు. "నా తర్వాత నీదేగా తల్లీ" అన్నాడు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేదు. అమ్మాయి పక్కసీట్లో కూర్చుని వెళ్ళి, సామాను ఎక్కించి, తాళ్ళు బిగించి వస్తోంది. స్టీరింగు ఆయన చేతిలోనే ఉంది.

ఇంతలో ఆయన రానే వచ్చాడు. "ఏమండీ, కోప్పడకండి" అని టైలరమ్మ ముందే అంది. ఆయన ఆమెవైపు చూడకుండా నేరుగా లారీ దగ్గరికి నడిచి, లోపలికి తొంగిచూశాడు.

"ఎవర్నడిగి ఊడదీశావ్?"

"రాత్రి నిన్నే అడిగాను నాన్నా. ఊఁ అన్నావు."

ఆయన తెల్లమొహం వేశాడు. బుల్లి వంటింట్లోంచి అడిగితే ఆయన వరండాలోంచి ఊఁ అనడం టైలరమ్మకూ గుర్తుంది. ఈమధ్య దూరంనుంచి ఎవరేమడిగినా ఆయన జవాబు అదే.

"అక్కర్లేనివాటి జోలికి ఎందుకు పోతావ్?"

"నీకు అక్కర్లేదు నాన్నా. నీ చెవులు నాకు లేవుగా. నాకు ముళ్ళు కావాలి. వేడెంతో, ఆయిలెంతో కళ్ళకు కనపడాలి."

"వినడం నేర్చుకో. నాకెవరు నేర్పారు?"

"నేను నేర్చుకునేలోపు ఇంజను పోతే?"

"నా చేతిలో ఉండగా పోదు."

"ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుందా?"

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఆయన ముఖం నల్లబడింది.

"చెవి డాక్టరు లారీలో మీటర్లట. స్టాండులో పదిమందీ నవ్వడానికి. అంత ముచ్చటగా ఉంటే నేను పోయాక పెట్టుకో." పాల పాకెట్లు బానెట్టు మీద పెట్టేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

బుల్లి చేతిలో పానా పట్టుకుని మెట్టు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు లేవు గానీ, ముక్కు ఎర్రబడింది. టైలరమ్మ పాకెట్లు తీసుకుని అంది, "కానీ. పని ఆపకు."

"నాన్న వద్దన్నాడుగా."

"వద్దన్నారు. ఆపమన్లేదు. రెంటికీ మధ్య కాస్త సందుంది. పెళ్ళయినప్పట్నుంచీ నేను ఆ సందులోనే బతుకుతున్నా."

పని చూస్తే పెద్దది, చేతిలో ఉన్న మొత్తం చిన్నది. ఆ కాలపు డ్యాష్‌బోర్డుకు అచ్చు గుద్దినట్టు సరిపోయే సెట్టు ఎక్కడో చేస్తారట గానీ, దాని ఖరీదుతో లారీకి టైర్లన్నీ మార్చుకోవచ్చు. అందుకని బుల్లి పాత సామాన్ల బజారంతా తిరిగి, గుద్దుకున్న కార్లలోంచీ తుక్కు కింద వచ్చిన వ్యానులోంచీ మీటర్లు ఏరుకొచ్చింది. స్పీడుకు మాత్రం కేబులు అక్కర్లేని చవక మీటరు ఒకటి కొత్తది కొంది.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, కొత్త మీటర్లు చిన్నవి, పాత బొక్కలు పెద్దవి. డ్యాష్‌బోర్డు మొత్తం కోసి పారేసి కొత్త రేకు బిగిస్తే సులువుగా అయిపోతుంది. బుల్లి ససేమిరా అంది.

"కొయ్యనమ్మా. దానిమీద గీత కూడా పడనివ్వను. పాత రింగులు, పాత అద్దాలు అలాగే ఉంటాయి. ఎక్కి కూర్చుంటే అది నాన్న లారీలాగే ఉండాలి."

టైలరమ్మ కొలతల మనిషి. మెడలో వేలాడే టేపు తీసి బొక్క కొలిచింది. వంటింట్లోకి పోయి స్టీలు డబ్బాల మూతలు ఒక్కొక్కటే కొలిచి, సరిపోయేవి ఒళ్ళో వేసుకుని వచ్చింది.

"ఇవి చూడు. నడిమధ్య మీటరు పట్టేంత కోయిస్తే చాలు."

"డబ్బాలకు మూతలు?"

"మూతల్లేకపోతే డబ్బాలు లేచిపోతాయా ఏంటి."

ఆయన పాత స్నేహితుడు లేతు మేస్త్రీ మూతల్ని అందంగా కోసిచ్చాడు. బుల్లి వాటికి నల్లరంగు వేసింది. అద్దాలు గలగలలాడకుండా టైలరమ్మ మందపాటి నల్లగుడ్డను ఉంగరాల్లా కత్తిరించి లోపల పరిచింది. తీరా అమర్చి చూస్తే, అవి పుట్టుకతోనే అక్కడున్నట్టు కూర్చున్నాయి. అప్పుడు కూతురి భుజం మీద చెయ్యి వేసి ఆవిడ వాటినే చూస్తూ నిలబడింది. తన చేత్తో కుట్టిన బట్టను ఎవరైనా పెళ్ళికి వేసుకెళ్ళినప్పుడు కూడా ఆవిడ అలాగే చూస్తూ నిలబడుతుంది.

"ముల్లు నిజం చెబుతుందో లేదో చూడాలి" అని బుల్లి ఇంజను వేడిని కనిపెట్టే సెన్సారు తెచ్చి, పొయ్యి మీది గిన్నెలో నీళ్ళలోకి వేలాడదీసింది. గట్టు మీద బ్యాటరీ, దానిపక్కన మీటరు. నీళ్ళు కాగేకొద్దీ ముల్లు కదిలింది. తెర్లేసరికి నూరు దగ్గరికి పోయి నిలబడింది. మంచినీళ్ళకని వచ్చిన ఆయన గ్లాసు పట్టుకుని, దాహానికి కావలసిన దానికన్నా ఎక్కువసేపే అక్కడ నిలబడ్డాడు.

"ఏం వండుతున్నారు?" అన్నాడు చివరికి.

"నిజం" అంది బుల్లి.

ఆయన మీసాల కింద నవ్వో ఏదో కదిలింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆయన సంగతి టైలరమ్మకు తెలుసు. పొద్దున్నే లారీ స్టార్టు చేశాక బానెట్టు మీదికి తల వంచి వినే మనిషి, కొన్నాళ్ళుగా అక్కడ అరచెయ్యి ఆనించి నిలబడుతున్నాడు. ఫోను మోగితే ఆవిడే, "ఏమండీ, మీకే" అంటూ తెచ్చి చేతిలో పెడుతుంది. సామాను మార్చమని ఎవరైనా వస్తే, వాళ్ళన్నదాన్ని తనకు అర్థంకానట్టు గట్టిగా తిప్పి అడుగుతుంది. "ఏంటీ, ఎల్లుండి పొద్దున్నా? మూడో అంతస్తా?" ఆ రెండో మాట ఆయన కోసం. ఆయన ఒప్పుకోడు, ఆవిడ అడగదు. ఊరంతా చెవి డాక్టరన్న మనిషితో మీకు చెవులు వినపడటం లేదని ఏ నోటితో అనడం?

మీటర్లు పెట్టాక ఆయన మళ్ళీ లారీ తీశాడు. డ్యాష్‌బోర్డు వైపు మాత్రం చూపు దించలేదు.

తర్వాతి వారం కొండమీది పేటలో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక పంతులమ్మ సామాను ఎక్కించారు. ఆవిడ టైలరమ్మ దగ్గర ఎప్పట్నుంచో బట్టలు కుట్టించుకునే మనిషి. "నా అద్దాల బీరువా నువ్వు దగ్గరుండి దించితే తప్ప నాకు నిద్రపట్టదు" అంది. అలా ఆ రోజు ముగ్గురూ ముందుసీట్లో కూర్చున్నారు. స్టీరింగు దగ్గర ఆయన, మధ్యలో బుల్లి, కిటికీ పక్కన టైలరమ్మ. పంతులమ్మ ముందే ఆటోలో వెళ్ళిపోయింది.

ఊరు దాటేదాకా అంతా బాగానే ఉంది. కొండ ఎక్కడం మొదలయ్యాక బుల్లి ముందుకు వంగింది.

"నాన్నా, ఆయిలు ముల్లు దిగుతోంది."

ఆయన చూపు రోడ్డు మీదే ఉంది.

"నాన్నా, ఆపు. ఆయిలు ప్రెషరు పడిపోతోంది."

"ఏం పడిపోదు. నీ ముల్లుకు పిచ్చెక్కింది."

"దాన్ని పరీక్ష చేశాను. ఆపు నాన్నా."

"ఈ ఇంజను నాకు కొత్తా? చక్కగా పలుకుతోంది. నీకు వినిపించకపోతే ఊరుకో, నాకు వినిపిస్తోంది."

అప్పుడు టైలరమ్మకు వినిపించింది. బానెట్టు కింద ఎక్కడో టకటకమని సన్నటి చప్పుడు. ఆవిడకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. కానీ నూనె ఎండిపోయిన కుట్టుమిషను ఎలా కొట్టుకుంటుందో బాగా తెలుసు. చప్పుడు క్షణక్షణానికీ పెరుగుతోంది. ఎదురుగా వస్తున్న సైకిలు మనిషి కూడా తిరిగి చూశాడు. ఆయన మాత్రం నిటారుగా కూర్చుని గేరు మారుస్తున్నాడు.

బుల్లి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. ఆ పిల్లకు అర్థమైందని టైలరమ్మకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ దాచిన మాట ఇప్పుడు దాస్తే ఆయన బతుకంతా కాపాడుకున్న ఇంజను ఆయన చేతిలోనే పోతుంది. ఆవిడ కూతురి మీదుగా చెయ్యి చాచి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఏమండీ. కొట్టుకుంటోంది. నాకే వినిపిస్తోంది."

ఆయన ఆవిడ పెదాలను చూశాడు. లారీ పక్కకు తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు.

బుల్లి కిందికి దూకి బానెట్టు ఎత్తింది. ఆయన వెనకాలే వచ్చాడు. ఇంజను పక్కంతా ఆయిలు కారి నల్లగా నిగనిగలాడుతోంది. రోడ్డు మీద వచ్చిన దారంతా చుక్కలు. ఆయన గుడ్డతో తుడుస్తూ, వేడి తగలకుండా వేళ్ళతో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాడు. కొత్త మీటరుకు కబురు అందించడానికి బుల్లి ఆయిలు దారికి బిగించిన జాయింటు అది. అక్కడినుంచే ఊరుతోంది.

బుల్లి మొహం పాలిపోయింది. "నేను పెట్టిందే. పాత రాగి వాషరే మళ్ళీ వేశాను. నా వల్లే నాన్నా."

టైలరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మీటరు పెట్టకపోతే ఇది కారేదే కాదని ఆయన ఇప్పుడు అనొచ్చు. అంటే కాదనేవాళ్ళు లేరు. అన్నాడంటే ఆ పిల్ల ఇక లారీ మీద చెయ్యి వెయ్యదు.

ఆయన ఆ మాట అనలేదు. సీటు వెనకనుంచి తన రేకు పెట్టె తెచ్చి, వెతికి, కొత్త రాగి వాషరు తీసి కూతురి అరచేతిలో పెట్టాడు.

"ఒకసారి నలిగింది మళ్ళీ పట్టదు తల్లీ. ఇది వెయ్యి. చల్లారనివ్వు ముందు."

చల్లారేదాకా ముగ్గురూ రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నారు. ఆయన చేతులు గుడ్డతో తుడిచిందే తుడుస్తున్నాడు.

"నాకు వినిపించలేదు" అన్నాడు. "కాలి కింద అదురు తెలుస్తుంది కదా అని నడిపేస్తున్నా. ఆ టకటక నాకు వినిపించలేదు. చాలా రోజులైంది. మీ ఇద్దరికీ తెలియదనుకున్నా."

"నాకు తెలుసు" అంది టైలరమ్మ, ఆయనకు అందేలా నెమ్మదిగా, గట్టిగా.

"నీకా? ఎప్పట్నుంచి?"

"మొదట్లో పొగరనుకున్నా. పిలిస్తే పలకడం లేదని అలిగాను కూడా. మీరు నా అలకను కూడా పట్టించుకోకపోయేసరికి, ఇది చెవులేనని తేలింది."

బుల్లి నవ్వబోయి ఏడ్చేసింది. ఆయనకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. ఫోను చేతికందించడం, వచ్చినవాళ్ళను మళ్ళీ అడగడం, ఆవిడకేదో చాదస్తం పట్టిందని తను స్నేహితుల దగ్గర నవ్వడం.

"ఆ తిప్పి అడగడాలన్నీ నా కోసమా?" అన్నాడు. ఆవిడ తలూపింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, అదే మురికి గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. బుగ్గ మీద నల్లటి చార పడింది.

"నాన్నా" అంది బుల్లి ఆయనకు ఎదురుగా వచ్చి కూర్చుని. "నీ చెవులు నాకు లేవనే కదా నేను ముళ్ళు పెట్టుకుంది. నువ్వూ వాటినే చూడు. అందులో నామోషీ ఏముంది? కారేది ఎక్కడో ముల్లు చెప్పదు. నీ చెయ్యే చెప్పింది."

"జాయింటు ఒక్కటే తప్పు చేశావు" అన్నాడాయన గొంతు సవరించుకుని. "తక్కినదంతా చూశానులే. ఆ వైర్లు కట్టిన తీరు చూస్తే జడ అల్లినట్టుంది. కొత్త మీటరు వచ్చినా నా పాత రింగు వదల్లేదు నువ్వు. ఆ రోజే చెబుదామనుకున్నా. నోరు రాలేదు."

"ఎప్పుడు చూశావ్? కళ్ళెత్తి చూడలేదుగా."

"మీరు లేనప్పుడు. రోజూ."

వాషరు బిగించి, వెంట తెచ్చిన డబ్బాలోంచి ఆయిలు పోశారు. ఇంజను తిప్పగానే బుల్లి డ్యాష్‌బోర్డు వైపు చూసింది. ఈసారి ఆయనా చూశాడు. ముల్లు లేచి, నిలబడింది. టకటక ఆగిపోయిందని టైలరమ్మ వేలు ఊపి సైగ చేసింది. ఆయన కిందికి దిగి, చుట్టూ తిరిగి వచ్చి కిటికీ వైపు తలుపు తీశాడు.

"మీరిద్దరూ జరగండి" అన్నాడు. "డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చుంటుంది."

బుల్లి ఏదో అనబోయింది. టైలరమ్మ ఆ పిల్లను మోచేత్తో పొడిచింది.

పంతులమ్మ కొత్త ఇంటి సందు ఇరుకైనది. ఒకపక్క ప్రహరీ, ఇంకోపక్క మురుగుకాలవ. లారీని వెనక్కి పోనిస్తే తప్ప సామాను దించడం కుదరదు. ఆయన దిగి వెనక నిలబడ్డాడు. కష్టమైన చోటు కదా, ఇక్కడ మాత్రం అమ్మాయిని దిగమంటాడనుకుంది టైలరమ్మ. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "రానీ, రానీ, కొంచెం కుడికి కొట్టు, చాలు, రానీ" అంటున్నాడు. బుల్లి అద్దాల్లో ఆయన చేతుల్నే చూస్తూ, ఒక్కసారి కూడా ముందుకు పోకుండా, ఆ ముదురాకుపచ్చ లారీని గేటు ముందు జానెడు దూరంలో నిలబెట్టింది.

ఎదురింటి మేడ మీదినుంచి ఒక మనిషి చూస్తున్నాడు. కిందికి ఏదో అన్నాడు. టైలరమ్మ అలవాటుకొద్దీ తిప్పి అడగబోయింది. అంతలో ఆయనే చెవి వెనక చెయ్యి పెట్టుకుని తలెత్తాడు.

"కాస్త గట్టిగా చెప్పండి. నాకు చెవులు సరిగా వినపడవు."

సందంతా వినేలా అన్నాడా మాట. టైలరమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం లేదండీ, డ్రైవరు భలే పెట్టాడు అంటున్నా" అని అరిచాడు మేడమీది మనిషి.

"పెట్టాడు కాదండీ, పెట్టింది. మా అమ్మాయి" అన్నాడాయన. అంతటితో ఊరుకోలేదు. "ఒకసారి కిందికి రండి. లోపల మీటర్లు పెట్టింది, చూద్దురుగాని."

ఆ మనిషి నిజంగానే దిగి వచ్చాడు. ఆయన లారీ తలుపు తీసి, అతన్ని మెట్టెక్కించి, ఏ ముల్లు ఏం చెబుతుందో ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. బుల్లి సిగ్గుపడి స్టీరింగు మీదికి వంగింది. అద్దాల బీరువా దించేవాళ్ళు లేక పంతులమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంకాసేపు ఆగమని టైలరమ్మ ఆవిడకు సైగ చేసింది.